మాయాబజారు నాటకము: సురభివారి ప్రయోగమున వాచికాహార్యముల తారతమ్యము

దృశ్యకావ్యమునకు ఆయువు రెండు తావులనుండి లభించును. ఒకటి గ్రంథము, రెండవది ప్రయోగము. గ్రంథరూపమున చిరంజీవులైన నాటకములు పెక్కు రంగస్థలమున ఒక్కరాత్రియైనను నిలువలేకపోయినవి. గ్రంథమే లేదన్నంత నిరాదరమునకు లోనైనవి కొన్ని ప్రయోగబలముచేత తరతరములు నిలిచినవి. ఈ రెండవజాతికి తెలుగునాట ముఖ్యోదాహరణము సురభివారి మాయాబజారు. దానిని పండితులు చూడరు, చూచినవారు దానినిగూర్చి వ్రాయరు. చూచి వ్రాసిన కొలదిమందియు తెరలను, తీగలను మెచ్చి విడిచిరేకాని పద్యమును పరీక్షింపరైరి. ఇది నాటకమునకును అన్యాయమే, పద్యమునకును అన్యాయమే.

పాశ్చాత్యదేశముల మహానగరములలో ఒక సంగీతనాటకమును ఒకే రంగశాలయందు ఏండ్లతరబడి నడపుట వాడుక. న్యూయార్కునగరమున మెజెస్టిక్ థియేటరునందు 'ది ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా' యను సంగీతనాటకము 1988 జనవరి 26వ తేదీ మొదలు 2023 ఏప్రిల్ 16వ తేదీవఱకు నడచినది. నడుమ మహమ్మారివలన కొంతకాలము మూతపడినను మొత్తము 13,981 పర్యాయము లాడబడినది. అచట రంగశాల స్థిరము, నటులు మాఱుచుందురు. సురభివారి పద్ధతి దీనికి విపర్యయము. అచట వంశము స్థిరము, రంగశాల మాఱుచుండును. తండ్రి ధరించిన పాత్రను కుమారుడును, తల్లి ధరించిన పాత్రను కుమార్తెయు ధరించుచు, ఊరూర పాకలువేసికొని నెలలతరబడి ఆడి, మరల మూటగట్టుకొని వేఱొక యూరికిఁ బోవుట వారి వృత్తి. ఎన్ని పర్యాయములు మాయాబజారు ఆడిరో లెక్కవ్రాసినవారు లేరు.

ఆ సమాజోత్పత్తి కథ ప్రసిద్ధమే. ఆరెమరాఠీ కుటుంబములవారు తోలుబొమ్మలాటతో జీవించుచుండిరి. 1885లో కడపజిల్లా సురభిగ్రామమున వనారస గోవిందరావుగారు బొమ్మలకు మాఱుగా మనుష్యులనే నిలిపి కీచకవధను ప్రదర్శించిరి. ఊరిపేరే సమాజమునకు ఇంటిపేరైనది. ఇంచుమించుగా ఆ కాలముననే బళ్లారియందు ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి చిత్రనళీయము రంగమెక్కినది. ఒకటి విద్యావంతుల సభలో పుట్టిన నాటకము, వేఱొకటి బొమ్మలాటవారి డేరాలో పుట్టిన నాటకము. ఈ రెండు ప్రవాహములును కలిసినచోట్లలో మార్కాపురము, గిద్దలూరు ప్రాంతము నొకటిగాఁ జెప్పదగును. 1970లో ఒంగోలుజిల్లా ఏర్పడువఱకు ఆ తాలూకాలు కర్నూలుజిల్లాలోనివి. పడమట బళ్లారిసీమ, దక్షిణమున కడపసీమ దానికి పొరుగులు. వర్షాధారమైన ఆ మెట్టభూములలో తిరునాళ్లకు పద్యనాటకము పెట్టించుట నేటికిని సుపరిచితమే. అక్షరము రాని రైతు సయితము హరిశ్చంద్రుని కాటిసీను పద్యములను, రాయబారపద్యములను కంఠస్థము చేసియుండుట అచట వింతకాదు. అట్టి శ్రోత హైదరాబాదుకు వచ్చి మాయాబజారు చూచినచో దేనిని మెచ్చును, దేనిని మెచ్చడు? నగరప్రేక్షకుని దృష్టికిని వాని చెవికిని గల భేదమే ఈ విమర్శకు మూలము.

హైదరాబాదున సురభి శ్రీవేంకటేశ్వర నాట్యమండలివారు నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులోని లలితకళాతోరణమున చాలకాలము నాటకములు నడపిరి. మహానగరమున చలనచిత్రములకు నడుమ పద్యనాటకము బ్రతుకుట సామాన్యముకాదు. ఆ బ్రతుకునకు ముఖ్యాధారము మాయాబజారే. తెర లేచినంతనే చూచువారి కనులు చెదరును. చిత్రించిన తెరలు ఒకదానివెంట నొకటి క్షణములో మాఱి ద్వారక అరణ్యమగును, అరణ్యము ఆశ్రమమగును. మేఘములనడుమ నారదుడు దిగివచ్చును. అభిమన్యుఘటోత్కచుల యుద్ధమున ఇరువైపులనుండి వచ్చిన బాణములు గాలిలో ఢీకొని నిప్పురవ్వలు రాలును. నిద్రించుచున్న శశిరేఖ మంచముతో లేచిపోవును. ఘటోత్కచుడు నోరుతెఱచిన లడ్లు తమంతట తామే ఎగిరి నోటబడును. పిల్లలు కేకలువేయుదురు, పెద్దలు చప్పట్లు చఱతురు.

దీనిని చూచి కొందఱు విద్వాంసులు 'ఇది గారడిగాని నాట్యము కాద'ని తీసివేయుదురు. ఈ మాట భరతమతమునకు విరుద్ధము. ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని అభినయము చతుర్విధమని చెప్పి, ఆహార్యమును మరల పుస్తము, అలంకారము, అంగరచన, సంజీవము అని నాలుగుగా విభజించినవాడు భరతుడే. అందు పుస్తము త్రివిధము. వెదురు, చాప, చర్మము, వస్త్రము మొదలగువానిని కూర్చి చేసినది సంధిమము. యంత్రముచేత నడచునది వ్యాజిమము. చుట్టివేసి కట్టినది వేష్టిమము. దీనికి చేష్టిమమనియు పాఠాంతరము కలదు. సురభివారి తీగలు, కప్పీలు, లేచిపోవు మంచము అన్నియు వ్యాజిమపుస్తమున కుదాహరణములే. చర్మమును వంశపారంపర్యముగా కోసి రంగులద్దినవారికి సంధిమమును వేఱుగ నేర్పవలసిన పనిలేదు. శాస్త్రమున పేరుమాత్రమే మిగిలిన యొక విధానమును అన్నము పెట్టు వృత్తిగా నిలుపుకొన్నవారిని శాస్త్రజ్ఞులే గారడివారనుట వింత.

ఇట ఒక ప్రాసంగికము. సూత్రధారశబ్దము బొమ్మలాటనుండి నాటకమునకు వచ్చినదని జర్మనుపండితుడు పిషెల్ 1900లో ప్రతిపాదించెను. సురభివారి చరిత్రను చూచి కొందఱు దానికిది ప్రత్యక్షసాక్ష్యమందురు. కాని తోలుబొమ్మను ఆడించునవి పుల్లలు, దారములు కావు. సూత్రము పట్టువాడు సూత్రధారుడను వాదమునకు ఈ దృష్టాంతము సరిపోదు. బొమ్మలాటవారు నాటకమాడిరనుటకే ఇది సాక్ష్యము, శబ్దవ్యుత్పత్తికి కాదు.

తీగ కనబడుచున్నదిగదా, కనబడు తీగకు ఆశ్చర్యమేమి యని మఱియొక ఆక్షేపము. దీనికి శ్రీశంకుకుని చిత్రతురగన్యాయము సమాధానము. చిత్రములోని గుఱ్ఱమును చూచి గుఱ్ఱమనునప్పుడు అది నిజమను జ్ఞానముకాదు, మిథ్యయను జ్ఞానముకాదు, సంశయముకాదు, సాదృశ్యముకాదు. వీనికన్నిటికిని విలక్షణమైన ప్రతీతి. అభినవగుప్తుడు శంకుకుని మతమును ఇతరాంశములందు ఖండించినను, ఈ న్యాయము నాట్యప్రతీతిని తెలుపుటకు నేటికిని పనికివచ్చుచున్నది. నారదుని నడుమునకు తీగ కట్టియున్నదని పదేండ్ల పిల్లవాడు పక్కవానికి చూపించుచునే చప్పట్లు కొట్టును. వాడు మోసపోలేదు, మోసపోకయే ఆనందించెను. కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున 1957 మార్చి 27వ తేదీన విడుదలైన మాయాబజారు చలనచిత్రమున ఇట్టి యద్భుతములే ఇంతకన్న నిపుణముగా నున్నవి. కాని అచట తీగ కనబడదు, అద్భుతము కెమేరాయందు జరిగిపోయినది. సురభివారి రంగమున అద్భుతము చూచువాని యెదుటనే జరుగుచున్నది, తప్పిపోవుటకు కూడ అవకాశమున్నది. ఆ అవకాశముండుటచేతనే గుండె ఝల్లుమనును.

ఆహార్యమున దోషమే లేదనుటకాదు. నిర్వహణసంధియందు అద్భుతరసము నిలుపవలెనని భరతుని విధి. కథ ముడివిడుచోట ఆశ్చర్యము కలుగవలెనన్న, అంతకుముందు దానిని దాచుకొనవలెను. ఈ ప్రయోగమున మొదటినుండియు అద్భుతమే. నారదుని దిగుట, బాణముల ఢీ, మంచము లేచుట, లడ్లు ఎగురుట అయిన పిమ్మట అసలు మాయాబజారు, అనగా ఘటోత్కచుడు సృష్టించిన మాయానగరము వచ్చునప్పటికి ప్రేక్షకుని కన్ను అలసిపోవును. నాటకమునకు పేరిచ్చిన దృశ్యమే అన్నిటికన్న చప్పగా తోచుట సంవిధానదోషము. ఒకటి రెండు చమత్కారములను మానుకొన్నచో మిగిలినవి రెట్టింపు వెలుగును. కాని టిక్కెట్టు కొన్నవాడు 'నిరుడు బాణములు నాలుగు ఢీకొన్నవి, ఈయేడు రెండేనా?' యని అడుగు నగరమున ఈ మాట చెవికెక్కుట కష్టము.

నామమును, ఇతివృత్తమును గూర్చి కొలదిగా. శశిరేఖాపరిణయకథ వ్యాసభారతమున లేదు, కవిత్రయభారతమునను లేదు. అభిమన్యుని భార్య భారతమున ఉత్తరయే. ఎఱ్ఱాప్రగడను తమవానిగా లెక్కించుకొను ప్రకాశముజిల్లా పండితులకు ఇది కొఱతగా తోచవచ్చునుగాని, జనశ్రుతిలో పుట్టి మహారాష్ట్రమున వత్సలాహరణమై, తెలుగున శశిరేఖాపరిణయమైన కథను ప్రక్షిప్తమని నిందించుటకంటె ఉత్పాద్యవస్తువని యంగీకరించుట మేలు. కథలో కొంతభాగము ప్రఖ్యాతము, కొంతభాగము కల్పితమైనచో మిశ్రవస్తువని లాక్షణికులే త్రోవచూపిరి.

'మాయాబజారు' అను సమాసమో? మాయ సంస్కృతము, బజారు పారసీకమునుండి ఉర్దూద్వారా వచ్చిన అన్యదేశ్యము. సంస్కృతపదమును ఆచ్ఛికముతో కూర్చు మిశ్రసమాసమున పూర్వపదము తెలుగు రూపమును పొందవలెను. ఆకారాంతస్త్రీలింగశబ్దమునకు తెలుగున హ్రస్వము వచ్చును. మాయలేడి యన్నట్లు మాయబజారు కావలెను. దీర్ఘము నిలుచుట 'శశిరేఖాపరిణయము' వంటి సిద్ధసమాసములకే చెల్లును. ఐనను నూటికి నూఱుగురు దీర్ఘముతోనే పలుకుచుండగా దిద్దబూనుట వృథాప్రయాస. ఘటోత్కచుని బజారువలెనే ఈ సమాసమును లక్షణవిరుద్ధముగా వెలసి, కొనువారిని సంపాదించుకొన్నది.

ఇక వాచికము. వాక్కు నాట్యమునకు శరీరమనియు, అంగనేపథ్యసత్త్వములు వాక్యార్థమునే వ్యంజించుననియు భరతమతము. పద్యనాటకమున వాక్కనగా పద్యమే. హార్మోనియము మొదటిస్వరమును పట్టుకొనగనే నటుడు ముందునకు వచ్చును, పద్యము నెత్తుకొనును. మొదటి రెండు పాదములు తెలియును. మూడవపాదమున రాగము పొంగును. నాలుగవపాదము చివర ఆలాపన మొదలైనపిమ్మట ఏ క్రియతో వాక్యము ముగిసినదో తెలిసికొనుట దైవమునకే సాధ్యము. పాణినీయశిక్షయందు పాఠకాధములు ఆర్గురు చెప్పబడిరి. పాటగా పాడువాడు, త్వరగా చదువువాడు, తలయాడించువాడు, వ్రాసినది చూచి చదువువాడు, అర్థము తెలియనివాడు, గొంతు చాలనివాడు. ఈ యార్గురిలో మొట్టమొదట పేర్కొనబడినవాడు 'గీతి' యగుట గమనింపదగినది. తెలుగురంగమున గీతికే 'వన్సుమోరు' దక్కుచున్నది.

గీతినిందను ఇట యథాతథముగా అన్వయింపరాదని సమాధానము చెప్పవచ్చును. శిక్ష వేదపాఠమునకు విధి, నాటకమునకు కాదు. నాటకమున గానము అంగము. నిజమే. కాని అదే శిక్ష పాఠకగుణములను చెప్పుచు మాధుర్యమును, సుస్వరమును, లయసామర్థ్యమును కూడ చేర్చినది. వానితోపాటు అక్షరవ్యక్తిని, పదచ్ఛేదమును, ధైర్యమును పెట్టినది. కాబట్టి స్వరము దోషముకాదు. అక్షరవ్యక్తిపదచ్ఛేదములను మ్రింగివేసిన స్వరము దోషము. ఆడుపులి పిల్లలను కోఱలతో పట్టుకొనిపోవునప్పుడు జాఱిపడునను భయముతోను, గ్రుచ్చుకొనునను భయముతోను ఎంత మెలకువతో పట్టునో అట్లు వర్ణములను పలుకవలెనని శిక్షాకారుని ఉపమానము. నల్లమలయంచున నున్న మార్కాపుర గిద్దలూరు ప్రాంతములవారికి పులి కేవలము పుస్తకములోని మృగము కాదు గనుక ఈ యుపమానమును వ్యాఖ్యానింప బనిలేదు.

సురభివారి వాచికమున దోషములు మూడు చోట్ల తఱచుగా కనబడుచున్నవి. ఇవి వారికే ప్రత్యేకములు కావు, పద్యనాటకమున కంతకును సామాన్యములు. అయినను చిరకాలప్రయోగముచేత వారియందు స్థిరపడినవి.

మొదటిది యతిస్థానమున ఆగుట. ఉత్పలమాలకు పదవయక్షరము, చంపకమాలకు పదునొకండవది, శార్దూలమునకు పదుమూడవది, మత్తేభమునకు పదునాల్గవది యతిస్థానములు. సంస్కృతమున యతి విచ్ఛేదము, అనగా నిలుపు. అచట పదము ముగియవలెను. తెలుగున యతి నిలుపుకాదు, అక్షరమైత్రి. పదము నడుమ యతి పడుట తెలుగుకవులకు దోషముకాకపోగా పద్యనిర్మాణమున కదియొక సౌలభ్యము. నటుడు సంస్కృతపుయతిని తెలుగుపద్యమునకు తగిలించి, వడియక్షరము ముందు ఊపిరి తీసికొని, పదమును రెండుతునుకలు చేసి, రెండవతునుకను క్రొత్తపదమువలె ఎత్తుకొనును. శ్రోతకు లేనిపదము పుట్టును, ఉన్నపదము చచ్చును. హార్మోనియమువాడు అచటనే స్వరము నింపుటచేత ఈ విఱుగుడు మఱింత స్పష్టమగును. పాఠశాలలలో గణవిభజన నేర్పునప్పుడు బాలురచేత యతిస్థానమున ఆపి చదివించు ఉపాధ్యాయులును ఈ దోషమునకు కొంత కర్తలే.

రెండవది పద్యాంతమున ద్రుతము. తెలుగు వృత్తపద్యము చాలచోట్ల 'న్' అను ద్రుతముతో ముగియును. అది హల్లు, హల్లుపై రాగము నిలువదు. అందుచేత గాయకుడు దానిని విడిచి అంతకుముందున్న అచ్చును పట్టుకొనును. ఆ అచ్చు ఎకారమో ఇకారమో యైనచో ఆలాపనకు నోరు చాలదు గనుక దానిని ఆకారముగా మార్చును. క్రియాపదము అంతమున ఎకారము ఆకారమైనపిమ్మట అది భూతకాలమో, వ్యతిరేకార్థమో, ఏమియుకాదో చెప్పుట కష్టము. దూరమునుండి పిలుచునప్పుడు సంబోధనాంతమున ప్లుతమును విధించి పాణిని మూడు మాత్రలతో తృప్తిపడెను. ముప్పదిమాత్రలైనను తృప్తిపడని నటుని కేసూత్రమును శరణుగాదు. దీనికి ఉపాయము కలదు, అనుభవజ్ఞులైన పెద్దనటులు దానిని పాటించుట కద్దు. పద్యమును ముందు ద్రుతముతో స్పష్టముగా ముగించి, వాక్యార్థము శ్రోతకు అందినపిమ్మట వేఱుగా ఆకారముతో రాగము చేయుట. అర్థమునకు అర్థము, రాగమునకు రాగము దక్కును. మార్కాపురప్రాంతపు రైతు తలయూచునది ఇట్టి పద్యమునకే.

మూడవది మహాప్రాణముల లోపము, శషసల సాంకర్యము. భీముడు బీముడగును, ఘటోత్కచుడు గటోత్కచుడగును, శశిరేఖ ససిరేఖయగును. వచనమున నిది పాత్రోచితమని సర్దుకొనవచ్చును. పద్యమున సర్దుబాటులేదు. మార్కాపురపు పలకలపై దిద్దుకొని అక్షరములు నేర్చిన తెలుగుబాలురు ఎందఱో; ఘకారమునకు వంక ఎటు తిరుగునో చేయి నేర్చినది, నోరు నేర్వలేదు. ఆ దోషము నటులది మాత్రమేకాదు.

ఈ దోషములు సమాజమున నిలిచిపోవుటకు హేతువును విచారింపవలెను. సురభికుటుంబములలో పద్యము చెవినుండి చెవికి వచ్చును. పిల్లవాడు తెరవెనుక పండుకొని వినుచు నేర్చును, తండ్రి పలికినట్లే పలుకును. చెవినుండి నేర్చుట తక్కువపద్ధతి కాదు. వేదము నిలిచినదే ఆ పద్ధతిచేత. కాని వైదికులు కేవలము వినికిడినే నమ్ముకొనలేదు. పదపాఠము, క్రమము, జట, ఘనము అని ఒకదానితో నొకటి సరిచూచుకొను కట్టుదిట్టములు చేసికొనిరి. ఒక వర్ణము జాఱినచో మఱియొకచోట పట్టుబడును. రంగస్థలపుపద్యమునకు ఇట్టి కాపలా లేదు. తాతనోట ఒకనాడు జాఱిన మహాప్రాణము మనుమనినోట శాశ్వతముగా జాఱును. అట్లే తాత సరిగా పలికిన క్లిష్టసమాసము అక్షరజ్ఞానము అంతంతమాత్రమైన మనుమనినోటను చెక్కుచెదరక నిలుచును. ఇట్టి సమాసములు ఈ నాటకమున పెక్కు వినబడుట విస్మయకరము. పట్టభద్రులైన యువనటులు ఇతరసమాజములలో తడబడు దీర్ఘసమాసములను ఈ కుటుంబములవారు ఒక్కయూపిరిలో అనుదురు.

కాబట్టి 'వారికి వ్యాకరణము రాదు' అను నిందలో సారము లేదు. వారియొద్ద నున్నది పాఠము. దానిని సరిచూచుట వ్యాకరణము వచ్చినవారి పని. అట్టివారు రంగస్థలమువైపు తొంగిచూడకుండుట నూఱేండ్లకు పైబడిన ఆచారమైనది. సురభిసమాజములు ఒకప్పుడు పెక్కుండి నేడు కొలదిగా మిగిలినవి. ఒక్కొక్క సమాజము మూతపడినప్పుడు ఒక పాఠసంప్రదాయము మూతపడుచున్నది. నటుల చేతివ్రాతపుస్తకములను పోల్చి పాఠభేదములు గుర్తించిన ప్రతి మాయాబజారు కుండవలసినది. తాళపత్రములలోని అముద్రితప్రబంధమునకు చేయు పరిశ్రమలో పదవవంతు దీనికి చాలును.

భాషావిభాగమును గూర్చి మఱియొక వివాదము కలదు. కృష్ణబలరాములు, సుభద్రాభిమన్యులు గ్రాంథికపద్యములు చదువుచుండగా లక్ష్మణకుమారుడు, వాని పరిజనము, ఘటోత్కచుని శిష్యులు వాడుకమాటలాడుదురు. ఇది గ్రామ్యదోషమని కొందఱు. సంస్కృతనాటకమున ఉత్తమపురుషులు సంస్కృతము, స్త్రీలు శౌరసేని, నీచపాత్రలు మాగధి పలుకుట దోషమైనదా? మృచ్ఛకటికమున శకారుని భాష లేకున్న ఆ నాటకమున నవ్వు ఎచట? లక్ష్మణకుమారుడు శకారుని వంశమువాడే. వానినోట సలక్షణభాష పెట్టుటయే అనౌచిత్యము. దోషము వేఱొకచోట నున్నది. నవ్వు పుట్టింపవలెనను ఆతురతచే నటులు నాటకములో లేని నేటి నగరపు మాటలను, చలనచిత్రములలోని చమత్కారములను అప్పటికప్పుడు చేర్చుచుందురు. ప్రేక్షకుడు నవ్వును, కాని ఆ నవ్వు లక్ష్మణకుమారునిగూర్చి కాదు, నగరమునుగూర్చి. ద్వారక మాయమై నాంపల్లి మిగులును.

ఈ సందర్భమున చలనచిత్రములోని 'తసమదీయ' శబ్దము స్మరణకు వచ్చును. పింగళి నాగేంద్రరావుగారు రాక్షసశిష్యునిచేత అస్మదీయమునకు ప్రతిగా దీనిని పలికించిరి. తచ్ఛబ్దముపై ఛప్రత్యయము వచ్చినచో తదీయమేకాని తస్మదీయము కాదు. తసమదీయము అసలే కాదు. ఘటోత్కచుడు దానిని తప్పనక క్రొత్తమాట పుట్టినదని మెచ్చుకొనును. వైయాకరణుడు సయితము ఇట నవ్వకుండలేడు, ఏలయన అపశబ్దము తెలిసి చేసినది. అస్మదీయము సాధువని యెఱిగినవానికే తసమదీయము హాస్యము. రంగముపై తెలియక దొర్లు అపశబ్దమునకును దీనికిని గల యంతరము ఇదియే.

స్త్రీపాత్రధారణవిషయమున సురభివారికి ఋణపడని తెలుగురంగము లేదు. ఇతరసమాజములలో స్థానము నరసింహారావుగారివంటి మహానటులు పురుషులైయుండి సత్యభామలై మెప్పించుచుండగా, సురభివారి యిండ్లలో స్త్రీలే స్త్రీపాత్రలను ధరించిరి. 1932లో విడుదలైన తొలి తెలుగుటాకీ భక్తప్రహ్లాదలో లీలావతి పాత్రను ధరించిన కమలాబాయిగారు ఈ కుటుంబములనుండి వచ్చినవారే. దీని ఫలము మాయాబజారు చివరిభాగమున ప్రత్యక్షముగా కనబడును.

ఘటోత్కచుడు శశిరేఖ రూపము ధరించి పెండ్లిపీటలపై కూర్చుండుట కథ. ఇట నటి చేయవలసిన పని ద్విగుణము. ఆకారము శశిరేఖ, లోపల ఘటోత్కచుడు. సభ చూచుచున్నంతసేపు లజ్జ, సభ ముఖము త్రిప్పినంతనే రౌద్రము. లక్ష్మణకుమారుడు చేయిపట్టబోయినపుడు ఒకచూపు, పెద్దలు పిలిచినపుడు వేఱొకచూపు. ఈ దృశ్యమున తీగలేదు, తెరమార్పులేదు, నిప్పురవ్వలేదు. నాటకమంతట ఆహార్యమునకు లోబడియున్న వాచికసాత్త్వికములు ఇచట తలయెత్తును. సామర్థ్యముగల నటి శశిరేఖ మాటలను మంద్రముగా, పదాంతములను మెత్తగా విడుచుచు పలికి, నడుమ ఒక్క పదమును మాత్రము ఘటోత్కచుని కంఠముతో, మహాప్రాణమును బలముగా నొత్తి పలుకును. అంతవఱకు ఘకారమునకు గకారమును, భకారమునకు బకారమును విని అలవాటుపడిన చెవికి ఆ ఒక్క మహాప్రాణము పిడుగువలె తగులును. ప్రేక్షకులు బాణముల ఢీకి కొట్టిన చప్పట్లకంటె దీనికి కొట్టునవి తక్కువ. కాని ఆ క్షణమున పసిపిల్లలు సయితము మాటలాడుట మానుదురు. వరసలలోని వృద్ధులు ముందునకు వంగి చెవియొగ్గుదురు. లక్ష్మణకుమారుడు ఉలికిపడి వెనుకకు తగ్గును, నటి మరల తలవంచుకొని కొంగు సవరించుకొనును.